తడి మెరుపు

చిన్నప్పుడు బడిలో మాస్టారు పలక చేతికిచ్చి "రాయి" అంటే నేను రాయిలాగే కూర్చునేవాణ్ణి. రాయమంటే రాయనివాడికి యాభై మూడో ఏట రాళ్ళతోనే పని పడింది. ఒకటీ రెండూ కాదు, ముప్పై ఆరు. మా వంటింటి వెనక గుమ్మం దగ్గర మొదలై, కుళాయి దగ్గర కుడిచేతి వైపు తిరిగి, పెరటి చివర మా ఆవిడ కుట్టుగది మెట్టు ముందు ఆగుతాయి.

నేను నోరున్నవాణ్ణి. మా వీధిలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, "మైకు" అంటారు. ఎదుటివాడి మాట పూర్తిగా బయటపడకముందే దాన్ని పట్టుకుని, రెండుగా విరిచి, అందులో ఇంకో మాట ఉందని చూపించడం నా జబ్బు. చావు కబురు విన్నా ఆ జబ్బు ఆగదు. మీరూ కాస్త ఓర్చుకోవాలి.

కళ్ళ డాక్టరు కల్లలాడే మనిషి కాదు. కాగితం మీద పెద్ద సున్నా చుట్టి, దాని లోపల చిన్న సున్నా చుట్టాడు.

"ఇప్పుడు మీకు చేతిగాజులోంచి చూసినట్టు కనిపిస్తోంది కదమ్మా. ఇది బొత్తామంత అవుతుంది."

"ఆ తరవాత సూదిబెజ్జమా?" అంది మా ఆవిడ. ఇరవై రెండేళ్ళుగా బట్టలు కుడుతున్న మనిషి, కొలత అడగకుండా ఉండదు.

డాక్టరు మూడో సున్నా చుట్టలేదు. పెన్నుకి మూత పెట్టేశాడు. "ఆరు నెలలు పట్టచ్చు, ఏడాది పట్టచ్చు. ఆగడం మాత్రం ఆగదు."

"మీ పెన్నుకి మూతుంది డాక్టరుగారూ, నా మూతికే లేదు" అన్నాను నేను. ఎందుకన్నానో నాకే తెలీదు. ఎవరూ నవ్వలేదు. బయట వరసలో కూర్చున్న ముసలాయన మాత్రం నా వంక జాలిగా చూశాడు.

బస్సులో మా ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, రెండు స్టాపులు దాటాక, "పెరట్లో దారి వేయించండి" అంది.

"కళ్ళ గురించి చెబితే కాళ్ళ గురించి అడుగుతావేమిటే?"

"కళ్ళ పని అయిపోవచ్చింది. ఉన్నప్పుడే కాళ్ళకి అప్పజెప్పాలి."

ఆవిడ లెక్క ఆవిడకుంది. కుట్టుగదిలో అడుగుపెట్టాక భయం లేదు. మిషను చక్రం ఎక్కడుందో చేతికి తెలుసు, కత్తెర ఏ మేకుకి వేలాడుతుందో తెలుసు, అంచులు మడవడం, దిండు గలీబులు కుట్టడం కళ్ళు మూసుకుని చేస్తుంది. వచ్చిన చిక్కల్లా వంటింటికీ ఆ గదికీ మధ్య నేలతోనే. అక్కడ మట్టి, మట్టిలో సగం కూరుకుపోయిన ఇటుక ముక్కలు, అడ్డంగా పడి ఉండే నీళ్ళ గొట్టం, వాన పడితే బురద. "ఒకరి చెయ్యి పట్టుకుని పనిలోకి వెళ్ళే మనిషికి పనెవరిస్తారు? నా గదికి నేను వెళ్ళాలి. చూపుండగానే రోజుకి పదిసార్లు నడుస్తా. సగంసార్లు కళ్ళు తెరిచి, సగంసార్లు మూసి. ఆరు నెలలు చాలు నా పాదాలకి."

అలా మా ఇంటికి నేల పనులు చేసే కంపెనీవాళ్ళు వచ్చారు. వాళ్ళలో మనకి కావలసింది ఇద్దరే. ఒకరు టేపు పట్టుకుని పెరడంతా కొలిచి, కంప్యూటర్లో బొమ్మ గీసే పిల్ల. ఆ పిల్లకి నేను "కొలతలమ్మాయి" అని పేరు పెట్టాను. రెండోవాడు మేస్త్రి. అరవై ఏళ్ళవాడు, మాట్లాడడు. మేస్త్రి కాదు మిస్టరీ అన్నాను, దానికీ మాట్లాడలేదు.

కొలతలమ్మాయి రంగుల పుస్తకం తెరిచింది. అందులో పెరళ్ళన్నీ అప్పుడే వాన వెలిసినట్టు తళతళలాడుతున్నాయి. నేను నోరు తెరిచాను. మా ఆవిడ పుస్తకం మూసేసింది.

"ఫొటోలు నాకెందుకమ్మా? రాళ్ళు చూపించు."

కంపెనీ ఆవరణలో రకరకాల పలకరాళ్ళు బట్టల కొట్లో తాన్లలాగా వరసగా పరిచి ఉన్నాయి. మా ఆవిడ చెప్పులు విప్పి పక్కన పెట్టింది. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కొక్క రాయి మీదా నిలబడింది. మడమ తిప్పింది. వేళ్ళు ముడిచి చూసింది. ఎండ మాడ్చేస్తోంది.

"కాళ్ళు కాలతాయమ్మా" అంది కొలతలమ్మాయి.

"ఉండవే తల్లీ. ఇది వాయిల్. ఇది సిల్కు, వద్దు. ఇదిగో, ఇది ఖద్దరు. ఈ గరుకు నడిమికి వెయ్యండి. అంచుకి నున్నటిది, పాదం పక్కకి పోతే తెలియాలి. తిరిగేచోట అడ్డగాడులు కావాలి. మెట్టు ముందర బొడిపెలు."

మేస్త్రి మొదటిసారి నోరు విప్పాడు. "నలభై ఏళ్ళుగా రాళ్ళు పరుస్తున్నా. రాయిని ఇలా ఎంచినవాళ్ళు లేరమ్మగారూ."

"నలభై ఏళ్ళలో కళ్ళు లేనివాళ్ళెవరూ మిమ్మల్ని పిలవలేదా?"

"పిలిచినా, కళ్ళున్నవాళ్ళే వచ్చి ఎంచారమ్మా."

పని మొదలైంది. మోకాలి లోతు తవ్వారు, కంకర పోశారు, దిమ్మిసతో దబదబ బాదారు, ఇసుక జల్లారు, దారం కట్టి రసమట్టం పెట్టి ఒక్కొక్క రాయినీ సిమెంటు పరుపు మీద కూర్చోబెట్టారు. నీళ్ళు పోవడానికి కాస్త వాలు ఉండాలన్నాడు మేస్త్రి. నాకు తెలిసిన వాలు వాలుకుర్చీ ఒక్కటేనన్నాను. ఆ కుర్చీలోనే కూర్చుని ఆరు రోజులు పర్యవేక్షించాను, అంటే పనివాళ్ళ పని పాడు చేశాను. దుమ్ము కళ్ళకి మంచిది కాదని మా ఆవిడ నాలుగు రోజులు వాళ్ళక్కగారింట్లో ఉంది.

ఆ నాలుగు రోజుల్లో చివరి రోజు. దారి పూర్తయింది. మేస్త్రి రెండు డబ్బాలు తెచ్చి అరుగు మీద పెట్టాడు. పని అప్పజెప్పే ముందు రాళ్ళకి పూత వెయ్యడం వాళ్ళ కంపెనీ పద్ధతి. ఏ పూతో యజమాని చెప్పి, కాగితం మీద సంతకం పెట్టాలి.

"ఇది మామూలుది సార్. రాయి రాయిలాగే ఉంటుంది, మరకలు పట్టవు. ఇది తడి మెరుపు."

"తడి మెరుపంటే?"

మేస్త్రి చెంబుతో నీళ్ళు తీసుకుని ఒక రాయి మీద పోశాడు. అప్పటిదాకా బూడిదరంగులో ఉన్న రాయిలో నీలం జీరలు లేచాయి. నీలం పక్కన తుప్పురంగు, దాని అంచున సన్నటి తెలుపు. ఎవరో అద్దకం అద్దినట్టుంది. రెండు నిమిషాల్లో ఎండ ఆ నీళ్ళు తాగేసింది. మళ్ళీ బూడిద.

గాజంత చూపు మిగిలిన మనిషి, రేపు దాన్ని బొత్తామంత చేసుకోబోయే మనిషి, ఇంక జన్మలో చూడబోయేది ఈ పెరడే. ఆ గాజులో బూడిద పోసి పంపించనా?

"రెండోదే వెయ్యి."

"అమ్మగారు చెప్పుల్లేకుండా నడుస్తారు కద సార్. ఇది ఎక్కువగా గోడలకి వాడతాం. నేలకి అడిగేవాళ్ళూ ఉన్నారనుకోండి, చెప్పులేసుకునేవాళ్ళు."

"అద్దంలా ఉండాలయ్యా. ఆవిడ చూడాలి."

"ఒక్క మాట ఫోన్ చేసి అడిగితే..."

"అడిగితే ఇంక సర్‌ప్రైజేముంది?"

మేస్త్రి గడ్డం గోక్కున్నాడు. "ఒక కోటా, రెండా?"

"పెళ్ళికొడుక్కి ఒక కోటు చాలు, పెరటికి రెండు వెయ్యి!" అన్నాను. నా జోకుకి నేనే నవ్వుకుని సంతకం పెట్టాను. మేస్త్రి కూర్చుని డబ్బా మూత తీశాడు. మెరుగు పెడుతున్నాననుకున్నాను. మెరుగు కాదు, మరుగు. ఆవిడ కాళ్ళతో ఏరుకున్న రాళ్ళని నా కళ్ళకి నచ్చినట్టు మరుగుపరిచేశాను.

మర్నాడు పొద్దున్న పదింటికి మా ఆవిడ, వెంట వాళ్ళక్కగారు వచ్చారు. ఈవిడ నాకు వదిన. నా నోటికి ఈ ప్రపంచంలో ఉన్న ఒకే ఒక్క బిరడా ఆవిడ.

వెనక తలుపు బార్లా తీసి "ఢంఢంఢం!" అని నోటితోనే డప్పు కొట్టాను.

మా ఆవిడ తల కాస్త అటూ ఇటూ తిప్పుతూ, ఉన్న చూపుని ముక్కముక్కగా పెరడంతా జరిపింది. "బాగుందండీ" అంది. ఆ మాట అంది, అబద్ధం చెప్పను. "నీలంగా ఉందేమిటి? నేనెంచిన రాయి ఇంత నీలం కాదే."

"నీలోపలి నీలం నీకు తెలీదు, దాని లోపలి నీలం దానికి తెలీదు. నేను బయటికి తీయించా!"

చెప్పులు విప్పింది. మొదటి రాయి మీద కాలు పెట్టి ఆగింది.

"నీళ్ళు చల్లారా?"

"నీళ్ళు కాదు, మెరుపు! నడు."

నడిచింది. ఒకటి, రెండు అని లోలోపల లెక్క. పాదాలు నేలని వెతుకుతున్నాయి. నేను వెనకాలే దండోరా. ఆ జీర చూడు, ఈ అంచు చూడు, అది అచ్చం నీ పట్టుచీర చూడు. "కాసేపు ఊరుకోండి, లెక్క తప్పుతోంది" అంది. "లెక్కెందుకే, లెక్కలేనంత అందముంటే!" అన్నాను.

పద్దెనిమిదో రాయి దగ్గర తిరగాలి. అక్కడే అడ్డగాడులు. ఆ గాడుల్లోకి రెండు కోట్ల పూత దిగి, ఎండి, మూసుకుపోయింది. ఆవిడ పాదం గాడుల కోసం తడిమింది. తడిగా కనిపించే రాయి తడుముకునే పాదానికి ఏమీ చెప్పలేదు. ఇంకా తిరిగేచోటు రాలేదనుకుని ఇంకో అడుగు వేసింది. అంచు నున్నగా ఉంటుంది, తెలుస్తుంది అనుకున్న మనిషికి అన్నీ అంచులే. కుడికాలు జారి కుళాయి గట్టుకీ తూముకీ మధ్యకి వెళ్ళింది. ఒళ్ళు ఇటు, కాలు అటు. ఆ చప్పుడు నాకు వినిపించింది.

ఆవిడ అరవలేదు. వదిన అరిచింది.

చీలమండ రెండుచోట్ల విరిగింది. రేకు వేసి ఏడు మరలు బిగించారు. నాలుగు రోజుల తరవాత ఆస్పత్రి వరండాలో వదిన నన్ను నిలబెట్టింది.

"మరిదీ, ఒక్కటడుగుతా. దానికి దారి వేయించారా, దాని కాళ్ళ కింద నూనె పోయించారా?"

"చూడ్డానికి బాగుంటుందని, వదినా."

"ఎవరు చూడ్డానికి?"

 

మూడు నెలలు కాలు నేల మీద మోపకూడదన్నారు. ఆవిడ నడుద్దామనుకున్న ఆరు నెలల్లో అవి మూడు. మిగతా మూడూ ఉన్నాయిలే అనుకున్నాం. చూపు మా లెక్క వినలేదు. మంచం మీద పడుకుని ఆవిడ రోజూ ఎదురుగోడ మీది క్యాలెండరులో తేదీ చదివేది. తరవాత పెద్ద అంకె మాత్రం చదివేది. తరవాత అడగడం నేనే మానేశాను.

ఒక పొద్దున్న కాఫీ తీసుకుని వెళ్ళాను. "కర్టెన్ తియ్యండి, చీకటిగా ఉంది" అంది.

కర్టెన్ తీసే ఉంది. ఎండ ఆవిడ దుప్పటి మీద, చేతుల మీద, మొహం మీద పడి ఉంది.

"తీస్తున్నా" అన్నాను. కిటికీ దగ్గరికి వెళ్ళి, కడ్డీ మీద రింగులు గలగలలాడేలా కర్టెన్ని ఒకసారి ఇటు లాగి, మళ్ళీ అటు లాగాను.

ఆవిడ ఆ చప్పుడు చివరిదాకా విన్నది.

"ముందే తీసుందా?" అంది.

"ఊఁ."

చెయ్యి చాపింది. కాఫీ కోసమనుకుని గ్లాసు అందించాను. గ్లాసు కోసం కాదు. కాఫీ దుప్పటి మీద ఒలికింది.

కట్టు విప్పాక ఇంకో సంగతి బయటపడింది. కుడిపాదం అడుగున సగం మేర స్పర్శ లేదు. నరం నలిగిందన్నారు, రావచ్చు రాకపోవచ్చు అన్నారు. డాక్టరు గుండుసూదితో గుచ్చుతూ "ఇక్కడ? ఇక్కడ?" అని అడుగుతుంటే మా ఆవిడ "గుచ్చండి, చెప్తా" అంటోంది. అప్పటికే గుచ్చుతున్నాడాయన.

కంపెనీవాళ్ళని పిలిపించాను. కొలతలమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మందు పోస్తే పైపొర లేస్తుంది కానీ గాడుల్లో, గరుకులో దిగింది రాదంది. మెషిన్ పెడితే పలకలు పగులుతాయి. పెకిలించి తిరగేద్దామంటే కింద సిమెంటు కరుచుకుని ఉంది. ఆ రకం రాయి తీసే క్వారీ మూతపడింది.

మేస్త్రి దూరంగా నిలబడి కుళాయి గట్టు వంకే చూస్తున్నాడు. "ఆ రోజు ఇంకోసారి చెప్పాల్సింది సార్" అన్నాడు.

"నేను విననుగా."

"విన్నా వినకపోయినా చెప్పాల్సింది."

సెలవురోజు ఒక్కడే వచ్చాడు. సంచీలోంచి ఉలి, సుత్తి తీసి నా చేతికిచ్చాడు. "కంపెనీ చెయ్యదు, నేను వారానికొకరోజు రాగలను. మిగతా రోజులు మీరే. ఉలి నిలబెట్టకండి, పడుకోబెట్టకండి, కాస్త వాల్చండి. గంటు పక్కన గంటు. కోపంగా కొడితే రాయి చీలుతుంది."

రోజుకి సగం రాయి అయ్యేది. ఆఫీసు నుంచి వచ్చాక వెలుతురున్నంతసేపూ గొంతుక్కూర్చుని కొట్టేవాణ్ణి. అరచేతులు బొబ్బలెక్కి, చిట్లి, మళ్ళీ ఎక్కాయి. మూడో రాయి చీల్చేశాను. అది చీలికతోనే ఉంది. పూత పెంకులు పెంకులుగా లేచి ఎండలో మెరిసేది, నీలం జీరల మీద నా గంట్లు పడి రాయి మొహం మశూచి వచ్చినట్టు అయింది. వదిన ఒకరోజు వచ్చి చూసి, "ఇంత అందంగా చేయించి ఇంత వికారంగా చేస్తున్నారు, ఓపిక మాత్రం మెచ్చుకోవాలి" అంది. ఆవిడకి జవాబివ్వడానికి నాకొక మంచి మాట తట్టింది కూడా. ఇవ్వలేదు.

పద్నాలుగు రాళ్ళయ్యాయి. ఒక ఆదివారం పదకొండింటికి మా ఆవిడ వాకరు పట్టుకుని వెనక గుమ్మంలోకి వచ్చింది.

"ఎన్నయ్యాయి?"

"పద్నాలుగు. అన్నీ అయ్యాక వద్దువుగాని."

"అన్నీ అయ్యేసరికి నేను కాలెత్తడం మరిచిపోతా. తప్పుకోండి. మాట్లాడకండి. మీ గొంతు వింటుంటే నా కాలు వినదు."

తప్పుకున్నాను. వాకరు ముందు, ఎడమకాలు, ఆ వెనక ఈడ్చుకుంటూ కుడికాలు. మొదటి రాయి. రెండోది. మూడోదాని మీద ఆగి, బొటనవేలితో చీలిక పొడవునా గీసింది. ఏడోదాని దగ్గర చెమట పట్టింది. పన్నెండు. పదమూడు. పద్నాలుగు. వాకరు రబ్బరుకాళ్ళు పదిహేనో రాయి మీద ఆనగానే సర్రున జారాయి. నేను ఉలిక్కిపడి ముందుకి దూకాను. ఆవిడ వెనక్కి లాక్కుని నిలదొక్కుకుంది.

"ఇక్కడిదాకేనా?"

"ఇక్కడిదాకే."

అటు వెళ్ళడానికి లేదు. వెనక్కి తిరగాలంటే వాకరు ఆ జారుడు రాయి మీద పెట్టి తిప్పాలి. కుట్టుగది తలుపు ఇంకా ఇరవై రెండు రాళ్ళ దూరంలో ఉంది. ఆవిడ మొహం సరిగ్గా అటువైపే ఉంది.

"చెయ్యి పట్టుకో, లోపలికి వెళ్దాం" అన్నాను.

"వద్దు. నన్నిక్కడ కూర్చోబెట్టండి."

చంకల కింద చేతులు వేసి పద్నాలుగో రాయి మీద కూర్చోబెట్టాను. కుడికాలు చాపుకుంది. పదిహేనో రాయిని అరచేత్తో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నిమిరింది, చూపున్న రోజుల్లో గుడ్డ కత్తిరించే ముందు నిమిరినట్టే. తరవాత రెండు చేతులూ రెండుచోట్ల ఆనించింది.

"ఎడమ పాదం ఇక్కడ పడుతుంది. దీనికి మామూలు గంట్లు చాలు. కుడిది ఇదిగో, ఇక్కడ. దీని కింద లోతుగా కొట్టండి. మీరు ఇందాకటివన్నీ ఒకేలా కొట్టారు. కుడికాలికి ఒక్కటీ తెలియలేదు."

"ఒక్కటీనా?"

"ఒక్కటీ. వాటిని మళ్ళీ కొట్టాలి. ముందు ఇది కొట్టండి."

ఉలి తెచ్చి ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ కుడిచేతి వేళ్ళు నాలుగూ దగ్గరగా పెట్టి ఎక్కడ మొదలెట్టాలో చూపిస్తోంది. ఉలి మొనని ఆ వేళ్ళ పక్కన ఆనించాను.

"చెయ్యి తియ్యి."

"తీస్తే ఎక్కడో మీకు తెలీదు."

"తెలుసులేవే. దెబ్బ తగులుతుంది, తియ్యి."

"తియ్యను" అంది. వేళ్ళు ఇంకో గింజంత ఉలి వైపు జరిపింది. "చూసి కొట్టండి."

ఉలికీ ఆ వేళ్ళకీ మధ్య సందు నా చిటికెనవేలంత కూడా లేదు. సూది పోట్లతో గట్టిబడిన చూపుడువేలు అన్నిటికంటే ముందుంది. ఉలి మొన రాయి మీద టకటకమని చేస్తున్న చప్పుడు ఆవిడకి వినిపిస్తూనే ఉంటుంది.

సుత్తి ఎత్తాను.